కొత్త గ్రహానికి బొడ్రాయి

మా అపార్ట్‌మెంట్ వార్షికోత్సవానికి పిల్లల చేత తెలుగు నాటకం వేయించే పని నా నెత్తిన పడింది. కారణం ఒక్కటే. ఈ భవనంలో ఉన్నవాళ్లలో పుప్పాలగూడలో పుట్టినదాన్ని నేనొక్కదాన్నే. మిగతావాళ్లంతా గుంటూరు నుంచో, విశాఖ నుంచో, బెంగళూరు నుంచో ఉద్యోగాల వెంట వచ్చినవాళ్లు. ఇక్కడ పుట్టినంత మాత్రాన నాటకాలు వేయించడం ఎలా వస్తుందని ఎవరూ ఆలోచించలేదు. మా నాన్న మా ఇల్లూ పెరడూ బిల్డరుకి ఇస్తే మా వాటాకి వచ్చిన ఫ్లాటు ఇది. మా బర్రెలు కట్టేసిన చోటే ఇప్పుడు మా కారు పెట్టుకుంటున్నాం. ఆ మాట నేను తరచుగా అంటాననీ, విని విని విసుగొచ్చిందనీ మా ఆయన అంటారు. అయినా అంటాను.

నీళ్ల పొదుపు మీద ఒక నాటకం నా మనసులో ఉంది. మంచి మాటలున్నాయి, చివర్లో చిన్న పాట కూడా ఉంది. పిల్లలకి చెప్తే ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడో అంతస్తు అబ్బాయి వాళ్ల తరఫున మాట్లాడాడు. పదిహేనేళ్లవాడు, గుంటూరు వాళ్లబ్బాయి, మర్యాదకి లోటు లేదు.

"ఆంటీ, బాగుందండి. కానీ ఎవరూ చూడరండి. స్పేస్‌షిప్ పెడదామండి."

కథ వాళ్ల దగ్గర సిద్ధంగానే ఉంది. స్కూలు నుంచి విహారానికి వెళ్లిన అంతరిక్ష నౌక పాడై, ఎవరికీ తెలియని గ్రహం మీద పడిపోతుంది. నలుగురు పిల్లలు మాత్రం మిగులుతారు. అక్కడ వాళ్లు ఎలా బతికారన్నది నాటకం.

"మరి పెద్దవాళ్లు ఏమైన్రు?" అన్నాను.

"చనిపోయారండి" అన్నాడు, ఏ మాత్రం బాధ లేకుండా. మిగతా ఇద్దరూ హాయిగా తలలూపారు. అందులో ఒకడు నా కొడుకు. నాకు ఒళ్లు మండింది కానీ, వేసవి సెలవుల్లో ఫోన్లు పక్కన పెట్టి ముగ్గురు పిల్లలు ఒక చోట కూర్చోవడమే గొప్ప అనుకుని సరేనన్నాను.

మూడో అంతస్తు అబ్బాయి తనకు తానే కెప్టెన్ అయిపోయాడు. రెండో పాత్ర వేసే అమ్మాయిది రెండో అంతస్తు, పద్నాలుగేళ్లు. అంతకు ముందు ఏడాదే బెంగళూరు నుంచి వచ్చింది. తెలుగు అర్థమవుతుంది గానీ నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోతుంది, ఆ పిల్ల చేతులు తిప్పుకుంటూ నిలబడిపోతుంది. మూడోవాడు మావాడు. వాడిదీ పద్నాలుగేళ్ల వయసే. మాటలు ఖర్చయిపోతాయేమోనని దాచుకునే రకం. ఏదైనా చేతులతో చెయ్యమంటే మాత్రం చేస్తాడు. నాలుగో పాత్రకి మనిషి లేడు.

రిహార్సళ్లు సెల్లార్‌లో. పగలు కార్లన్నీ ఆఫీసులకి పోతే భవనం కింద అంత చోటూ ఖాళీగా, చల్లగా ఉంటుంది. స్తంభాలే ఆ గ్రహం మీది అడవి. నీళ్ల సంపు మూతే సరస్సు. మధ్యలో ఏ కారో లైట్లు వేసుకుని ర్యాంపు దిగితే ఆ గ్రహానికున్న ఇద్దరు సూర్యులూ ఒకేసారి ఉదయించినట్టు లెక్క. పిల్లలు అరుచుకుంటూ స్తంభాల వెనక దాక్కునేవారు. కారులోని మనిషి హడలిపోయి హారన్ కొట్టేవాడు.

ఇంతా చేసి నాటకం ముందుకి కదిలితేనా? ముందు ఆక్సిజన్ చూడాలని కెప్టెన్, ముందు నీళ్లని బెంగళూరు పిల్ల. దిక్కుకొకరు పరిగెత్తడం, ఎవరో ఒకరు చనిపోవడం. ఒకరోజు దాహంతో, ఒకరోజు విషపు కాయ తిని, ఒకరోజు ఏదో జంతువు కరిచి. మావాడికైతే చనిపోవడం బాగా నచ్చింది. ఆ తర్వాత మాట్లాడనక్కర్లేదు కదా.

ఆ సెల్లార్‌లోనే, జనరేటర్ పక్క గదిలో, మా వాచ్‌మన్ కుటుంబం ఉండేది. ఆయన, భార్య, తొమ్మిదో తరగతి పూర్తయి పదిలోకి వచ్చిన కూతురు. ఆ పిల్ల గది ముందు తాడు మీద బట్టలు ఆరేస్తూ వీళ్లని రోజూ చూసేది. ఒకరోజు మావాడు మళ్లీ చచ్చిపోగానే ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక తడి బట్ట నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందే, నవ్వుతున్నవ్?" అన్నాను.

"ఏం లేదు మేడం."

"పర్వాలే, చెప్పు."

"రోజు ఒగలు సస్తున్నరు గద మేడం. ఊరు లేకుంటే సావరా మల్ల?"

"అది వేరే గ్రహం. అక్కడ ఊరెందుకు ఉంటుంది?" అన్నాడు కెప్టెన్.

"ఊరు ఉండదు. కట్టుకోవాలె." ఆ పిల్ల బట్టల బకెట్ కింద పెట్టి వచ్చింది. "ముందుగాల నడుమ బొడ్రాయి పెట్టాలె. దాని సుట్టు ఇండ్లు. ఇండ్లున్నంక నీళ్లకు ఎవరు పోవాలె, కట్టెలకు ఎవరు పోవాలె, జరమొస్తే ఎవరు సూడాలె అని ఉంటది. గిట్ల దిక్కుకొకలు ఉరుకుతే సావక ఏం జేస్తరు?"

నాకు నవ్వొచ్చింది. నిజమే కదా అని కూడా అనిపించింది. నాలుగో పాత్ర దొరికిందని చప్పట్లు కొట్టాను. మేడం అనడం మాని పెద్దమ్మా అని పిలవమన్నాను. నాన్న తిడతాడంది. మీ నాయన్ని నేను తిడత తియ్యి అన్నాను.

బొడ్రాయి అంటే ఏమిటని కెప్టెన్ అడిగాడు. ఊరు పుట్టేటప్పుడు ఊరి నడిబొడ్డున పాతే రాయి అని నోటితో చెప్తే సరిపోతుందా? నలుగురినీ వెంటబెట్టుకుని ఆ సాయంత్రం మా పాత ఊరి సందులోకి తీసుకెళ్లాను. మా భవనానికి కూతవేటు దూరమే. కర్రీ పాయింటుకీ మొబైల్ రిపేర్ షాపుకీ మధ్య, నాలుగు సందులు కలిసే చోట, పసుపు పూసి బొట్లు పెట్టిన మా బొడ్రాయి. దానికి ఎవరో స్కూటీ ఆనించి పెట్టారు. ఆ స్కూటీ మనిషి కర్రీ పాయింటులో పప్పు కట్టించుకుంటుంటే అక్కడికే వెళ్లి రెండు చీవాట్లు పెట్టొచ్చాను.

నా చిన్నప్పటి బొడ్రాయి పండుగ గురించి అక్కడే నిలబడి చెప్పాను. ఆ రోజు వేపమండల తాడుతో పొలిమేర కడతారు. కట్టు విప్పేదాకా లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఊరిలో పుట్టి ఏ ఊరికి వెళ్లిన ఆడబిడ్డనైనా ఆ పండుగకి పిలవాల్సిందే. వాళ్లంతా వచ్చి తలా ఒక బిందె నీళ్లు రాయి మీద పోస్తేనే ఊరు చల్లగా ఉంటుంది. మా చిన్న మేనత్తకీ మా నాన్నకీ పొలం గట్టు దగ్గర మాట పట్టింపు వచ్చి ఏళ్ల తరబడి రాకపోకలు లేవు. అయినా పండుగ వస్తోందని మా నాన్న తలొంచుకుని వెళ్లి పిలిచాడు. మేనత్త వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే వంకలు. కూరలో ఉప్పెక్కువ, కొట్టం ఊడ్చలేదు, ఆ గోడకి సున్నం ఎప్పుడు వేశారు అని. మా నాన్న అన్నీ పడుతూ, పండుగంతా నవ్వు ముఖంతోనే తిరిగాడు.

పిల్లలు నవ్వారు. వాచ్‌మన్ కూతురు నవ్వలేదు. వంగి, రాయి మొదట్లో ఎవరో పడేసిన చిప్స్ కాగితం తీసి పక్కన వేసింది.

"మా ఊరి బొడ్రాయి నీళ్ల కింద ఉన్నది పెద్దమ్మా" అంది.

వాళ్లది పాలమూరు వైపు. ప్రాజెక్టు కట్టినప్పుడు ఊరు మునిగిపోయింది. అప్పటికి ఈ పిల్ల చంకలో బిడ్డ. జనం చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. వీళ్లు పని వెంట సైటు నుంచి సైటుకి తిరిగి చివరికి మా సెల్లార్‌కి చేరారు.

"మా అమ్మను ఆమె తల్లిగారి ఊరోళ్లు పిలుస్తరు. నన్నెవరు పిలుస్తరు? నేను ఏ ఊరి ఆడబిడ్డను?"

ఏడుస్తూ అన్న మాట కాదది. లెక్కలో తెలియనిదాన్ని టీచరుని అడిగినట్టు మామూలుగా అడిగింది. ఇంటికి నడిచేటప్పుడు కెప్టెన్ మావాడితో ఏదో గుసగుసలాడుతూ వెనకే ఉండిపోయాడు.

రెండు రోజుల తర్వాత మావాడూ కెప్టెనూ ఒక స్కూలు బ్యాగుని చెరో వైపు పట్టుకుని మోసుకొచ్చారు. మా పక్క స్థలంలో పెద్ద టవర్లు రాబోతున్నాయి. పునాదికి ముందు కింద రాయి ఎలా ఉందో చూడటానికి యంత్రంతో తొలిచి, భూమి లోపలి నుంచి గుండ్రటి రాతి కడ్డీలు తీస్తారు. పరీక్ష అయిపోయాక అవి అక్కడే పడి ఉంటాయి. మావాడు సైటు ఇంజనీరుని అడిగి ఒకటి తెచ్చాడు. వాడు నోరు తెరిచి ఎవరినో ఏదో అడిగాడంటే నాకు నమ్మకం కుదరలేదు. మోచేతి పొడవు గ్రానైటు, నున్నగా, బూడిద రంగులో, గులాబీ చారలతో. ఈ ఊరి కడుపులోంచి తీసిన రాయి. ఆ పిల్ల దాన్ని నిమిరి చూసి, "మంచిగున్నది" అంది. దాన్ని ఒక పెయింటు డబ్బాలో మట్టి పోసి నిలబెట్టారు.

అప్పట్నుంచి నాటకంలో చావులు ఆగిపోయాయి. డబ్బా చుట్టూ సుద్దముక్కతో నాలుగు ఇళ్లు గీశారు. మూడు రాళ్ల పొయ్యి వచ్చింది. మావాడికి కట్టెలు, బెంగళూరు పిల్లకి నీళ్లు. ఆ గ్రహం మీది జీవులతో మాట్లాడే పని కూడా తనే తీసుకుంది. "నా భాష ఎవరికీ తెలీదు కదా, నేనే మాట్లాడతా" అని తనమీద తనే వేసుకున్న ఆ జోకుకి అందరూ పడిపడి నవ్వారు. ఆ తర్వాత ఆ పిల్ల తెలుగుకి అడ్డు పోయినట్టయింది. తప్పో ఒప్పో గలగలా మాట్లాడటం మొదలుపెట్టింది. కెప్టెన్‌కి జ్వరం వచ్చే సీను పెట్టారు. పడుకోవడం కెప్టెన్‌కి నామోషీ. "జరమొచ్చినోడు పండుకోవాలె" అని వాచ్‌మన్ కూతురు గదమాయించి పడుకోబెట్టి, నిజంగానే గదిలోంచి జావలా పల్చగా కలిపిన జొన్న గట్క గిన్నెడు తెచ్చి తాగించింది. వాడు గిన్నె ఖాళీ చేసి ఇంకా ఉందా అన్నాడు. ఆ సీను రోజూ కావాలన్నాడు.

ముగింపు దగ్గరే పేచీ వచ్చింది. వాళ్లని రక్షించడానికి భూమి నుంచి ఓడ వస్తుంది. అందరూ ఎక్కి ఇళ్లకి పోతారని కెప్టెన్.

"నేను ఎక్క" అంది ఆ పిల్ల.

"ఎందుకు ఎక్కవు? మనం చిక్కుకుపోయాం కదా!"

"చిక్కుకునేది ఊరు లేనప్పుడు. బొడ్రాయి పెట్టినంక గది మన ఊరే గద."

ఎవరూ తగ్గలేదు. ముగింపు లేకుండానే రిహార్సళ్లు సాగాయి. నాకూ తొందర లేదు. మధ్యాహ్నాలు నేను మజ్జిగ చెంబు పట్టుకుని దిగి వాళ్ల దగ్గర కూర్చునేదాన్ని. ఇంట్లో ఎన్నో పనులున్నా మళ్లీ పైకి ఎక్కబుద్ధి అయ్యేది కాదు.

మే నెల చివర్లో అసోసియేషన్ మీటింగ్ జరిగింది. చుట్టుపక్కల భవనాలన్నిటికీ సెక్యూరిటీ ఏజెన్సీలు, గేటు యాప్‌లూ వచ్చాయి, మనమే వెనకబడ్డామని తేల్చారు. ఏజెన్సీ వస్తే వాచ్‌మన్ కుటుంబం అక్కర్లేదు. నేను లేచి అరిచాను. ఆ పిల్ల పదో తరగతి ఇక్కడి బడిలోనే చదవాలన్నాను, ఆ గది ఖాళీగా ఉంటే ఎవరికి లాభమన్నాను. మా సెక్రటరీ బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, విశాఖ ఆయన, చెడ్డవాడు కాడు. "మీరు చెప్పింది న్యాయమే అండి. కానీ అందరూ ఒప్పుకున్నారు కదండీ" అన్నాడు. చేతులెత్తమంటే నాతోపాటు ఇద్దరే ఎత్తారు. వాచ్‌మన్‌కి ఘట్‌కేసర్ దిక్కు, అంటే నగరానికి అవతలి కొసన, ఒక సైటులో పని దొరికింది. వచ్చే ఆదివారం పోవాలన్నారు.

ఆ విషయం పిల్లలకి నేనే చెప్పాల్సి వచ్చింది. బెంగళూరు పిల్ల ఏడ్చేసింది. వాచ్‌మన్ కూతురు మాత్రం, "సైటు అయిపోతే పోవుడేనాయె" అని గిన్నెలు కడగడానికి కూర్చుంది. కడిగిన గిన్నెనే మళ్లీ మళ్లీ కడుగుతూ ఉండిపోయింది.

ఆదివారం పొద్దున్న కింద గోల వినబడి బాల్కనీలోకి వెళ్లి చూశాను. గేటు మూసి ఉంది. దానికి అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు. లోపల సామాను ఎక్కించుకున్న ట్రాలీ ఆటో. బయట యూనిఫామ్‌లో కొత్త ఏజెన్సీ మనుషులిద్దరు. గేటు ముందు రెండు చేతులూ చాచి కెప్టెన్.

పరుగున దిగాను. వెనక ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న మట్టి జాగాలో పిల్లలు ఆ గ్రానైటు రాయిని నిజంగానే పాతేశారు. పసుపు, కుంకుమ, కింద నవధాన్యాలు. మావాడి చేతులు మోచేతుల దాకా మట్టి. పాతడం తెలిసింది ఆ పిల్లకే కాబట్టి పాతిందీ ఆ పిల్లే. పోయేముందు గుర్తుగా పాతుదామంటే సంతోషంగా వచ్చిందట. గేటు కట్టడం మాత్రం మిగతా ముగ్గురి పన్నాగం.

"ఇదేమిటండీ?" అన్నారు సెక్రటరీ, పెళ్లికి బయల్దేరిన పట్టుపంచెలో. "గేటు తియ్యి నాన్నా, ముహూర్తం దాటిపోతోంది."

"కట్టు విప్పేదాకా ఎవరూ దాటకూడదండి అంకుల్. ఆంటీనే చెప్పారండి" అన్నాడు కెప్టెన్. అందరూ నా వైపు తిరిగారు.

నేను నోరు విప్పేలోపే ట్రాలీ ఆటో డ్రైవరు కిందికి దిగాడు. మీసాలు నెరిసిన మనిషి. వేపమండల తాడు చూశాడు, వెనక్కి వెళ్లి రాయిని చూశాడు, చెప్పులు విడిచి దండం పెట్టి వచ్చాడు.

"బొడ్రాయి పెట్టిన్రు గద సారూ! ఇగ నేనెట్ల దాటుత?"

"పిల్లలు ఆటకి పెట్టారయ్యా."

"ఎవరు పెడితేంది? పెట్టుడు పెట్టిన్రు. పొద్దుగూకినంక పోదాం, ఫికర్ జెయ్యకుర్రి." ఇంజన్ ఆపేసి, తువ్వాల పరుచుకుని, బండి నీడలో నడుం వాల్చాడు.

అతడే అంతలా నమ్మాక తాడు మీద చెయ్యి వెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఎందుకొచ్చిన గొడవ అని తలా ఒక మాట అన్నారు గానీ, ఎవరూ ముందుకి రాలేదు. వాచ్‌మన్ ఒక్కడే సిగ్గుతో చచ్చిపోతూ కూతుర్ని తిట్టబోతే నేను అడ్డం పడ్డాను. ఇడ్లీలు తెచ్చిన కుర్రాడు పొట్లాలు గేటు మీదుగా అందించాడు. సెక్రటరీ గారు పట్టుపంచెతోనే కుర్చీ వేయించుకుని ఫోన్లో పెళ్లి చూశారు. మధ్యాహ్నానికి ఎవరింట్లోంచో పులిహోర దిగింది, ఎవరింట్లోంచో పెరుగన్నం. గేటు బయట ఎండలో నిలబడ్డ ఏజెన్సీ వాళ్లకి కూడా ప్లేట్లు అందించారు. పక్క పక్క ఫ్లాట్లలో ఏళ్లుగా ఉంటున్న ఇద్దరు ఆడవాళ్లు ఆ రోజే మొదటిసారి ఒకరి పేరు ఒకరు అడిగి తెలుసుకున్నారు. వాచ్‌మన్ భార్యని ఎవరో పిలిచి కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేక, నిలబడలేక ఇబ్బంది పడింది.

ఎండ తగ్గే వేళకి ఆ పిల్ల లేచింది. గేటు దగ్గరికి నడిచి తాడు ముడి మీద చెయ్యి వేసింది.

"వద్దు" అన్నాడు కెప్టెన్. "నువ్వు విప్పకపోతే వెళ్లక్కర్లేదు."

"గట్ల గాదురా. కట్టు మనిషిని పట్టుకునేటందుకు గాదు. ఊరు సల్లగుండాలని కడ్తరు." ముడి విప్పుతూనే అంది. "నా కోసం కట్టిన్రు. గది సాలు."

తాడు చుట్ట చుట్టి బెంగళూరు పిల్ల చేతిలో పెట్టింది. తర్వాత ముగ్గురి వైపూ తిరిగి, కళ్లు తుడుచుకోకుండానే వేలు చూపించింది.

"ఇగ నేను మీ ఊరి ఆడబిడ్డను. పండుగకు పిలువాలె. పిలువకుంటే రాను, చెప్తున్న."

"నేనొస్తా, తీసుకపోనీకి" అన్నాడు మావాడు. ఆ రోజంతా వాడు మాట్లాడిన మాట అదొక్కటే.

ట్రాలీ వెళ్లిపోయింది. మా నాటకం ఆడలేదు. వార్షికోత్సవంలో ఏదో సినిమా పాటకి గంతులు వేయించి సరిపెట్టారు.

రాయి మాత్రం అక్కడే ఉండిపోయింది. తీయించాలని మీటింగుల్లో ఒకటి రెండుసార్లు అనుకున్నారు. తీసే మనిషి దొరకలేదు. కొన్నాళ్లకి దాని మీద పూలు కనబడసాగాయి. సెక్రటరీ గారు ఉదయపు నడకకి ముందు ఎవరూ చూడటం లేదనుకుని దానికి నమస్కారం పెట్టడం నేను చాలాసార్లు చూశాను.

పిల్లలు పెరిగారు. కెప్టెన్ ఇంటర్‌లో చేరి కోచింగుల్లో కనబడకుండా పోయాడు. బెంగళూరు పిల్లకి బడిలో స్నేహితులు దొరికారు. అప్పుడప్పుడూ నేనే వాచ్‌మన్ భార్యకి ఫోన్ చేసేదాన్ని. అక్కడి బడిలో చేరిందనీ, పరీక్షలు రాసిందనీ చెప్పేది. పండుగ మాట నేను ఎత్తలేదు. పిల్లలు మర్చిపోయి ఉంటారని భయం. వాళ్లు మర్చిపోయారని తెలిస్తే నేను తట్టుకోలేను, అందుకే వాళ్లనీ అడగలేదు.

మళ్లీ మే నెల వచ్చింది. ఒక ఆదివారం పొద్దున్నే మావాడు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మా, కుంకుమ బరిణె ఎక్కడ? బొట్టు నువ్వే పెట్టాలట. మేం పెట్టొద్దట."

కెప్టెనూ బెంగళూరు పిల్లా అప్పటికే కింద నిలబడి ఉన్నారు. మర్నాడే పండుగ అని ముగ్గురూ ముందే అనుకున్నారట. రాయదుర్గంలో మెట్రో ఎక్కి చివరి స్టేషన్ దాకా వెళ్లి, అక్కడ బస్సు పట్టుకున్నాం. సైటు పక్కన రేకుల గది. వాచ్‌మన్ మమ్మల్ని చూసి కంగారుగా కుర్చీల కోసం వెతికాడు. ఆ పిల్ల పొయ్యి ముందు రొట్టె చేస్తోంది. ఒక ఏడాదిలో పొడుగైంది, చిక్కింది. నేను దగ్గరికి వెళ్లి బొట్టు పెట్టి, "బిడ్డా, రేపు మన ఊర్ల బొడ్రాయి పండుగ. పిలువ వచ్చినం" అన్నాను.

ఆ పిల్ల పిండి చేతులతోనే లేచి నిలబడింది.

"నిజంగనే వచ్చిన్రా?" అంది. "నేను గది ఊకె అన్న పెద్దమ్మా. మీరు వస్తరని అనుకోలే."

అప్పుడు ఏడ్చింది. ఊరు మునిగిన సంగతి చెప్పినప్పుడు గానీ, మా గేటు దాటినప్పుడు గానీ ఇలా ఏడవలేదు. తల్లి రొట్టె మాడిపోతోందని చెప్పడానికి నోరు తెరిచి, చెప్పకుండా తనే పొయ్యి కట్టేసింది.

ఆ సాయంత్రమే వెంటబెట్టుకుని వచ్చాం. గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ మనిషి ఫోన్ పట్టుకుని ఎదురొచ్చాడు. మమ్మల్ని ఎరుగును, ఆ పిల్లని ఎరగడు. తను ఏళ్ల తరబడి తెరిచి మూసిన గేటు ముందు ఆ పిల్ల బట్టల సంచి పట్టుకుని ఆగిపోయింది.

"ఎవరింటికి? ఏ ఫ్లాట్ నంబర్ కొట్టాలె?" అన్నాడతను. "గెస్టా, డెలివరీయా, పనిమనిషా?"

నేను మా ఫ్లాట్ నంబర్ చెప్పబోయాను. బెంగళూరు పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఒకప్పుడు మాట నోటి దగ్గరే ఆగిపోయే పిల్ల.

"ఫ్లాట్ కాదు అన్నా. ఈమె మా ఊరి ఆడబిడ్డ. పండుగకి వచ్చింది."

అతను ఫోన్ వంకా మా వంకా చూశాడు. అతనిదీ ఏదో ఊరే అయి ఉంటుంది. ఫోన్ జేబులో పెట్టుకుని, పక్కకి జరిగి, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

మర్నాడు పొద్దున మొదటి బిందె ఆ పిల్లదే. రాయి ముందు నిలబడి ఒకసారి పైనుంచి కిందికి చూసింది, చుట్టూ చూసింది. నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏంది పెద్దమ్మా గిది? సుట్టూ గడ్డి పెరిగింది, పసుపు రాలిపోయింది. నేను లేకుంటే ఊరిని గిట్లనేనా సూసుకునేది?"

ముగ్గురు పిల్లలూ తలలొంచుకుని గడ్డి పీకడానికి కూర్చున్నారు. మేనత్త అన్ని వంకలు పెట్టిన ఆ పండుగలో మా నాన్న ఎందుకంత నవ్వుముఖంతో తిరిగాడో తెలిసింది. నీళ్ల బిందె ఎత్తి ఆడబిడ్డ చేతికి అందించాను.